చెప్పుల డబ్బాలో తగలాగ్: పద్నాలుగు వారాల డైరీ

1వ వారం, ఆదివారం

పాత చెప్పుల డబ్బా ఒకటి ఖాళీ చేశాను. అందులో సరిగ్గా పట్టేలా అట్టముక్కలు కోస్తే నూట ఇరవై వచ్చాయి. ఒక్కో ముక్క మీద ఒక్కో తగలాగ్ మాట. తగలాగ్ అంటే ఫిలిప్పీన్స్‌లో, మనీలా చుట్టుపక్కల మాట్లాడే భాష. ముందు మాట, వెనక తెలుగు అర్థం, మూలన రంగు చుక్క. ఆ చుక్క మాట పుట్టిల్లు చెబుతుంది. స్పానిష్‌కి పసుపు, చైనా నుంచి వచ్చినదానికి ఎరుపు, సంస్కృతానికి నీలం, ఇంగ్లిష్‌కి ఆకుపచ్చ. ఇక్కడి సొంత మాటకి చుక్క ఉండదు, తెల్లగా వదిలేస్తాను.

మనీలా పక్కన ఉండి మెడిసిన్ చదువుతున్నాను. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే. షాపుల్లో కూడా ఇంగ్లిష్‌తో పని జరిగిపోతుంది కాబట్టి ఇన్నాళ్లూ ఇక్కడి భాష జోలికి పోలేదు. ఇంకో రెండు నెలల్లో వార్డు డ్యూటీలు మొదలవుతాయి. ఒళ్లు బాగాలేక మంచం మీద పడుకున్న ముసలాయన నా కోసం ఇంగ్లిష్ వెతుక్కోవాలా? ఎక్కడ నొప్పి అని ఆయన మాటలో నేనే అడగాలి. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. "అక్కడి మాట రాకుండా రోగం ఎట్లా కనుక్కుంటావే?" అని అమ్మ పోయినేడాదే అడిగింది. నిజమే.

మాటల పుట్టుక కూడా ఎందుకు రాస్తున్నానంటే, ఊరికే బట్టీ కొట్టిన మాట నాకు నిలవదు. దాని చుట్టాలెవరో తెలిస్తే నిలుస్తుంది.

మొదటి రోజు గదిలో కంటికి కనబడ్డవన్నీ రాశాను. మెసా బల్ల, సిల్యా కుర్చీ, బింతానా కిటికీ, కుత్సారా చెంచా, తినిదోర్ ఫోర్కు, సపాతోస్ బూట్లు, తువాల్యా తువాలు. అన్నీ పసుపే. 1565 నుంచి 1898 దాకా, మూడు వందల ఏళ్లకు పైగా స్పెయిన్ ఏలుబడిలో ఉన్న దేశం ఇది. గదిలో సామాన్ల పేర్లు చూస్తేనే ఆ సంగతి తెలిసిపోతోంది. తువాల్యా దగ్గర మాత్రం కాసేపు ఆగిపోయాను. మన తువాలు పోర్చుగీసు వాళ్ల తొవాల్యా నుంచి వచ్చింది, వీళ్లది స్పానిష్ తొవాల్యా నుంచి. పక్క పక్క దేశాల ఓడలు చెరో తీరానికి ఒకే గుడ్డముక్కను దించి పోయాయన్నమాట.

2వ వారం

తప్పు దిద్దుకున్నాను. కమాతిస్ అంటే టమాటా. పలకడానికి అచ్చం ఇక్కడి మాటలా ఉందని తెల్లగా వదిలేశాను. చూస్తే అది స్పానిష్ తొమాతెస్. ఆ స్పానిష్ మాట కూడా సొంతం కాదు, మెక్సికోలో నహువాతల్ భాష మాట్లాడేవాళ్ల తొమాతల్. 1565 నుంచి 1815 వరకు మెక్సికోలోని అకపుల్కో రేవుకీ మనీలాకీ మధ్య ఓడలు తిరిగాయి. ఇక్కడి నుంచి పట్టు, పింగాణీ పోయేవి, అక్కడి నుంచి వెండి వచ్చేది. ఆ వెండితో పాటు కూరగాయలూ వాటి పేర్లూ దిగాయి. కమోతె (చిలగడదుంప), సయోతె (మనం బెంగళూరు వంకాయ అంటాం), సింకమాస్ (ఒక రకం దుంప), అన్నీ ఆ నహువాతల్ సంతతే. మన టమాటా అనే పేరు మూలం కూడా ఆ తొమాతలే, కాకపోతే మా గుంటూరు వైపు అమ్మమ్మ చివరిదాకా రామ్ములక్కాయ అనే అంది. పరాయి కాయకి సొంత పేరు పెట్టుకోవడం కూడా ఒక పద్ధతే.

ఉల్లిపాయ సిబుయాస్, జామకాయ బయాబాస్, ద్రాక్ష ఊబాస్. వీటి చివరున్న 'స్' స్పానిష్‌లో బహువచనం గుర్తు. ఇక్కడికి వచ్చాక అది మాటలో అతుక్కుపోయింది. ఒక్క ఉల్లిపాయ ఉన్నా సిబుయాసే. ఎక్కువ ఉంటే ముందు 'మంగా' చేర్చి మంగా సిబుయాస్ అంటారు. కొత్త రూల్: పుట్టుక నిఘంటువులో చూసేదాకా చుక్క పెన్సిల్‌తోనే.

3వ వారం, పలెంకెలో

కూరగాయల మార్కెట్‌ని పలెంకె అంటారు, అదీ స్పానిషే. బియ్యం కొట్టు దగ్గర చెక్క పెట్టెల్లో బియ్యం పోసి, పైన అట్టముక్క మీద రకం పేరూ ధరా రాసి గుచ్చుతారు. సినందోమెంగ్, దినొరాదో అని రకాలు. కొట్టావిడని అందరూ పిలిచినట్టు 'ఆతె' అన్నాను. అక్క అని అర్థం.

నాకు వచ్చిన ఒకే ఒక మాటతో "రెండు కిలోలు కానిన్" అని అడిగాను. ఆవిడ చేతిలో డబ్బా పట్టుకుని ఆగి, పెట్టెలో నుంచి గుప్పెడు బియ్యం తీసి నా అరచేతిలో పోసింది. "బిగాస్" అంది. తర్వాత పక్కనున్న తన లంచ్ బాక్సు మూత తీసి అన్నం చూపించింది. "కానిన్." ఆ తర్వాత బియ్యంలో వెతికి వెతికి, పొట్టు పోని గింజ ఒకటి తీసి నా బొటనవేలి మీద పెట్టింది. "పాలై."

వడ్లు, బియ్యం, అన్నం! ఇంగ్లిష్‌లో మూడింటికీ రైస్ అనే సరిపెట్టుకుని ఇన్నేళ్లు ఈ దేశంలో బతికాను. పక్కనే నాకు తెలిసిన లోకం మొత్తం ఉంది. ఇక ఆపలేదు, ఇంటికొచ్చి రూమ్మేట్‌ని కూర్చోబెట్టి అడిగాను, తను ఇక్కడి అమ్మాయే. చద్దన్నం బహావ్. గిన్నె అడుగున మాడు తుతోంగ్. గంజి ఆమ్. నూకలు బిన్లిద్. తవుడు దరాక్. ఊక ఇపా. పొద్దున్నే బహావ్‌ని వెల్లుల్లి వేసి వేయిస్తే సినంగాగ్, మనం చద్దన్నానికి తాలింపు పెట్టినట్టే. తినడం కాయిన్, దాన్నుంచే తినేది కానిన్. మనం తిను నుంచి తిండి చేసుకున్నాం కదా, అట్లాగే.

కార్డులు రాసి చూస్తే దాదాపు అన్నీ తెల్లవే. పసుపు మాటలు బల్ల మీదా కుర్చీ మీదా కనిపించాయి. గింజ దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ లేదు.

4వ వారం

ఆతె, కుయా (అన్న) రెండూ ఎర్ర చుక్కలే. చైనాలోని ఫూజియన్ వైపు నుంచి వచ్చిన హొక్కియన్ భాషవాళ్లు స్పెయిన్ వాళ్లకన్నా ముందే ఇక్కడ వ్యాపారం చేసేవాళ్లు. సోయా సాస్ తోయో, టోఫు తోక్వా, నూడుల్స్ పన్‌సిత్, తాళంచెవి సూసి, అన్నీ వాళ్లవే. వంటింటి మాటలూ కొట్టు మాటలూ వచ్చాయంటే ఆశ్చర్యం లేదు. అక్క, అన్న అనే పిలుపులు కూడా వాళ్ల దగ్గర తీసుకున్నారంటే మాత్రం, వాళ్లు కొట్టు దాటి ఇళ్లలోకి వచ్చి చుట్టాలయ్యారని అర్థం.

ఈ వారం సంతోషం ఏంటంటే, బియ్యం కొట్టు ఆతె నన్ను దూరం నుంచే చూసి "సుకీ!" అని కేకేసింది. సుకి అంటే వాడుకగా వచ్చే బేరం. కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఒకరికొకరు సుకీయే. అదీ ఎర్ర చుక్కే. ధర ఎక్కువైతే 'మహల్' అనాలి. అదే మాటకి ప్రేమించడం అని కూడా అర్థం, 'మహల్ కితా' అంటే నువ్వంటే ప్రేమ. రూమ్మేట్ ఇది వింతగా చెప్పబోయింది. మన ప్రియం కూడా అంతే కదా అన్నాను. మనిషీ ప్రియమే, కందిపప్పూ ప్రియమే.

5వ వారం

జీప్నీలో (ఇక్కడి షేర్ జీపు లాంటి బండి) కూర్చుని నేర్చుకున్నవి. డబ్బులు చేతులు మార్చుకుంటూ డ్రైవర్ దగ్గరికి పోవాలి. "బాయద్ పో" అని ముందున్నవాళ్లకి అందిస్తాం. దిగేటప్పుడు "పారా పో". పారా స్పానిష్, ఆపమని. పో మాత్రం ఇక్కడిదే, అది మన 'అండి'. సలామత్ పో అంటే థాంక్సండీ. అవునండీ అనడానికి ఓపో. ఉత్తర భారతం నుంచి వచ్చిన క్లాస్‌మేట్లు పో ఎప్పుడు పెట్టాలో లెక్క వేసుకుంటున్నారు. నాకు లెక్క అక్కర్లేదు. తెలుగులో అండి ఎక్కడ పడుతుందో అక్కడే పో పడుతుంది, నూటికి తొంభై సార్లు సరిపోతోంది. (సలామత్ అరబ్బీ మాట, మలయ్ మీదుగా వచ్చింది. దానికి రంగు లేదు, ఊదా పెన్ను కొన్నాను.)

ఇంకొకటి ఇంతకన్నా గొప్పది. తగలాగ్‌లో 'తాయో' అంటే మనం, 'కమీ' అంటే మేము. ఇంగ్లిష్‌లో ఈ తేడా లేదు, హిందీలో లేదు, స్పానిష్‌లో లేదు. "కాయిన్ తాయో" అంటే తిందాం రా అని, ఎదుటివాళ్లని కలుపుకుని. ఎవరింటికి వెళ్లినా ముందు వినిపించే మాట ఇదే. టీచర్ ఈ పాఠానికి గంట కేటాయిస్తే నాకు ఒక్క నిమిషం సరిపోయింది.

పొద్దు, నెల కూడా చెప్పాలి. అరావ్ అంటే సూర్యుడు, రోజు. బువాన్ అంటే చంద్రుడు, నెల. మనకీ పొద్దు అంటే సూర్యుడూ, కాలమూ. నెలవంకలో నెల అంటే చంద్రుడే. ఈ కార్డుల వెనక అర్థం ఒక్క మాటలో రాశాను.

7వ వారం, మ్యూజియంలో

పరీక్షల వల్ల 6వ వారం డబ్బా తెరవలేదు.

ఈ వారం నీలం చుక్కల వారం. ముఖా అంటే ముఖం. తగలాగ్‌లో ఒత్తు 'ఖ' లేదు కాబట్టి విడగొట్టి 'ముక్-హా' అని పలుకుతారు. గూరో టీచర్, ఆసా ఆశ, కథా కథ, సాక్సి సాక్షి, దివాతా దేవత, బన్సా దేశం (వంశం నుంచి), లాసా రుచి (రసం నుంచి). కార్డులు రాస్తూ ఉంటే పండగలా అనిపించింది. ఆదివారం మనీలాలో నేషనల్ మ్యూజియంకి వెళ్లాను, టికెట్ లేదు.

అక్కడ లగూనా రాగిరేకు ఉంది. 1989లో లగూనా ప్రాంతంలో నది దగ్గర దొరికింది. మన నోటుపుస్తకం అంత వెడల్పు ఉంటుందేమో. లిపి 'కవి' అనే పాత జావా లిపి, నాకు ఒక్క అక్షరం చదవడం రాలేదు. భాష ప్రధానంగా పాత మలయ్. పక్కన రాసిన పాఠం చదివితే మాత్రం వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. స్వస్తి, శకవర్షం 822, వైశాఖ మాసం, కృష్ణపక్ష చవితి, సోమవారం. మా తాతయ్య పంచాంగం చదువుతున్నట్టే ఉంది. ఇంగ్లిష్ లెక్కలో క్రీ.శ. 900 ఏప్రిల్ 21. విషయం ఏమిటంటే ఒక అప్పు తీరిపోయింది. నమ్వరన్ అనే ఆయన అప్పు మాఫీ అయింది, ఆయన పిల్లలకీ ఆ బాధ్యత లేదు అని రాసిచ్చిన పత్రం. ఈ దేశంలో దొరికిన తేదీ ఉన్న రాతల్లో అన్నిటికన్నా పాతది ఇదే. దేవుడి స్తుతీ కాదు, రాజు పొగడ్తా కాదు, ఒక ఇంటి మీద నుంచి అప్పు దిగిన కాగితం. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను.

అదే లగూనాలో పీలా అనే ఊళ్లో 1613లో మొదటి తగలాగ్ నిఘంటువు అచ్చయింది. రాసింది స్పానిష్ ఫాదర్ సాన్ బ్వెనవెంతురా, అచ్చువేసింది తొమాస్ పిన్‌పిన్, దొమింగో లోఆగ్ అనే తగలాగ్ వాళ్లు. ఆ పిన్‌పిన్ అంతకు మూడేళ్ల ముందే, 1610లో, తన తోటి తగలాగ్ వాళ్లు స్పానిష్ నేర్చుకోవడానికి తనే ఒక పుస్తకం రాశాడు. ఏలేవాడి భాషను తన వాళ్లకి తన మాటల్లో విప్పి చెప్పిన మనిషి. పేరు కార్డు మీద రాసి డబ్బా మూతకి లోపల అంటించాను.

8వ వారం

నీలం చుక్కలు నమ్మకూడదని తెలిసింది. సింతా మన చింతే, కానీ ఇక్కడ అర్థం ప్రేయసి, ప్రియుడు. పరూసా మన పరుషమే, ఇక్కడ శిక్ష. లక్సా మన లక్ష, కానీ తగలాగ్‌లో పదివేలు. యూతా సంస్కృతంలో అయుతం, అంటే పదివేలు, తగలాగ్‌లో అది లక్ష. రెండూ దారిలో ఎక్కడో తారుమారయ్యాయి. ఈ పెద్ద అంకెలు ఇప్పుడు వాడుకలో దాదాపు లేవు. ధరలకీ టైముకీ స్పానిష్ అంకెలు వాడతారు, ఎనిమిదింటికి అంటే అలస్ ఓత్సో. సామాను లెక్క పెట్టడానికి ఇసా, దలవా, తత్లో అని సొంత అంకెలు.

10వ వారం, వార్డు

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది.

వార్డులో బీపీ ఎక్కువున్న పెద్దాయన. తాతల్ని లోలో అంటారు. ఉదయం బీపీ మాత్ర వేసుకున్నారా అని తగలాగ్‌లోనే అడిగాను. ఆయన "సిగూరో" అన్నారు. నా కార్డు మీద ఏముందంటే, సిగూరో, పసుపు చుక్క, స్పానిష్ సెగూరో, ఖాయం. వేసుకున్నారు అని కేసు షీట్‌లో రాశాను. రౌండ్స్‌లో బీపీ చూస్తే 170 మీద 100. మాత్ర వేసుకున్నా తగ్గలేదంటే డోసు పెంచాలేమో అని మాట వచ్చింది. సీనియర్ డాక్టర్ మాత్రం ఆగి, ఆయన భార్యని అడిగారు. మాత్రలు రెండు రోజుల క్రితమే అయిపోయాయట.

తగలాగ్‌లో సిగూరో అంటే ఖాయం కాదు. ఏమో, ఉండొచ్చు అని. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు, గుర్తులేదు అన్నారు. నేనే పుట్టింటి అర్థాన్ని ఆయన నోట్లో పెట్టాను. డాక్టర్ కోప్పడలేదు. "మళ్లీ అడుగు, ఇంకో మాటలో అడుగు" అన్నారు. అంతే. గదికొచ్చి ఏడ్చాను.

రాత్రి కూర్చుని డబ్బా మొత్తం మార్చాను. ఇకనుంచి కార్డు వెనక ముందు ఇవాళ్టి అర్థం, అది ఎవరి నోట విన్నానో ఆ వాక్యంతో సహా. పుట్టుక కింద, చిన్న అక్షరాల్లో. స్యెంప్రె స్పానిష్‌లో ఎప్పుడూ అని, ఇక్కడ అవును మరి అని. కుబెతా అక్కడ బకెట్, ఇక్కడ మరుగుదొడ్డి. పసుపు చుక్కలున్న కార్డులన్నీ ఒక్కొక్కటీ రూమ్మేట్‌తో సరిచూశాను. రెండు గంటలైంది.

11, 12వ వారాలు

నొప్పి మాటలు. పేషెంటుకి తోడుండే వాళ్లని ఇక్కడ బంతాయ్ అంటారు, కాపలా అని అసలు అర్థం. ఒక లోలా (అమ్మమ్మ) కూతురు బంతాయ్‌గా ఉంది, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు తనే నాకు పాఠం చెప్పింది. సకిత్ అంటే నొప్పి, జబ్బు, అన్నిటికీ పనికొస్తుంది. అందుకే దానితో ఏమీ తెలియదు. పుండు మీద స్పిరిట్ పడితే హప్దీ. పంటిపోటు కిరోత్. చేయి అట్లాగే ఎత్తి పట్టుకుంటే వచ్చే లాగుడు ఙలాయ్, చూపించడానికి సెలైన్ సీసా పట్టుకున్నట్టు చేయి పైకెత్తి నిలబడింది. తిమ్మిరి మన్‌హిద్, పిక్క పట్టేయడం పులికాత్, తల తిరగడం హీలో, దురద కతీ. మనకి పోటు, మంట, సలుపు, తీపులు, గుంజుడు ఎట్లా ఉన్నాయో వీళ్లకీ అట్లాగే ఉన్నాయి, ఇంగ్లిష్‌లో రాసేసరికి అన్నీ పెయిన్ అయిపోతాయి. కేసు షీట్‌లో ఇప్పుడు పేషెంటు అన్న మాటనే కోట్స్‌లో పెట్టి, పక్కన ఇంగ్లిష్ రాస్తున్నాను.

వినడంలో కష్టం 'సూకా'. చివర గొంతు టక్కున ఆపితే వెనిగర్, ఆపకుండా వదిలేస్తే వాంతి. ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇరవై సార్లు విన్నాను, ఇప్పుడు పట్టుబడింది.

మన క్రియలకి తోక మారుతుంది, ఇక్కడ తలో నడుమో మారుతుంది. కాయిన్ తిను, కుమాయిన్ తిన్నాడు, కుమకాయిన్ తింటున్నాడు, కకాయిన్ తింటాడు. దగ్గు ఊబో, దగ్గు వస్తోంది అంటే ఇనుఊబో. జ్వరం లగ్నాత్, జ్వరంగా ఉంది అంటే నిలలగ్నాత్. ఇవి కార్డుల మీద కాక గోడ మీద చార్టుగా పెట్టాను.

ఒంటి పేర్లు రాస్తే ముఖా తప్ప దాదాపు అన్నీ తెల్లవే. తల ఊలో, కన్ను మతా, గుండె పూసో (అరటిపువ్వు కూడా పూసోయే), కాలేయం అతాయ్, రక్తం దుగో. తెల్లవంటే కదలకుండా ఇక్కడే పుట్టినవి అనుకునేదాన్ని. కాదు. మతా మలయ్‌లోనూ మతాయే, న్యూజిలాండ్ మావోరీలోనూ మతాయే. ఐదుకి లిమా, హవాయిలో లిమా అంటే ఐదూ, చెయ్యి కూడా. వేల ఏళ్ల క్రితం తైవాన్ వైపు నుంచి పడవల్లో దిగిన జనం మాటలివి. తెల్ల కార్డుల కిందా ఇప్పుడు పుట్టుక రాయడం మొదలుపెట్టాను.

14వ వారం

నైట్ డ్యూటీ. సెబూ దీవి నుంచి వచ్చిన లోలా, కడుపులో మంట. "సాన్ పో మసకిత్?" అని అడిగాను, ఎక్కడండీ నొప్పి అని. చేత్తో చూపించి "మహప్దీ" అంది. కార్డు చూడకుండానే రాసుకున్నాను. కతీ కాదు, కిరోత్ కాదు కదా అని రెండు రకాలుగా అడిగి ఖాయం చేసుకున్నాను.

మందు వేసుకున్నారా అని అడగడానికి 'గామోత్' అన్నాను. మందుకి తగలాగ్ మాట అది. బంతాయ్‌గా ఉన్న మనవడు నవ్వుముఖంతో చెప్పాడు, మా సెబూ భాషలో మందు తంబాల్, గామోత్ అంటే చెట్టు వేరు అని. లోలా కూడా తల ఊపి, మంచం పట్టీ మీద వేలితో కిందకి గీతలు గీసి చూపించింది, వేళ్లు భూమిలోకి దిగుతున్నట్టు.

తెల్లారాక గదికి వచ్చి నిఘంటువు చూశాను. ఆ పాత మాటకి అసలు అర్థం చెట్టు వేరు అనే. సెబూలో వేరుగానే ఉండిపోయింది, తగలాగ్‌లో మందయింది. గామోత్ కార్డు తీసి, మందు అన్న మాట కింద చిన్న అక్షరాల్లో రాశాను: వేరు. మన మూలిక.